జారుతదా?

భాగ్యమ్మ చేతిలో సర్వపిండి మాడడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. ఆ ఆదివారం పొద్దున మాడింది.

గిన్నె అడుగున ఒత్తిన పిండి ఎప్పుడు ఎర్రబడుతుందో ఆమెకు వాసనబట్టే తెలుస్తుంది. కానీ అప్పుడామె చూపూ, మనసూ గిన్నె మీద లేవు. వంటగది గట్టెక్కి కూర్చున్న మనవరాలు పింకీ చేతిలోని ఫోన్ మీద ఉన్నాయి. ఫోన్‌లో ఎవరో ఆడమనిషి కాళ్ళకు రెండు పొడుగాటి పట్టీలు తగిలించుకుని, తెల్లటి కొండ మీది నుంచి సర్రున కిందికి జారి వస్తోంది. ఆమె వెనకాల మంచు పొడిపొడిగా లేస్తోంది.

“ఇంకొకపారి పెట్టు బిడ్డా.”

“నానమ్మా, ఇప్పటికే మస్తుసార్లు చూసినవ్! నాకు బోర్ కొడుతుంది.”

“పెట్టమంటే పెట్టు. మీ నాయిన లెక్క నఖరాలు జెయ్యకు.”

పింకీ మళ్ళీ పెట్టింది. భాగ్యమ్మ ఊపిరి బిగబట్టి చూసింది. మలుపు దగ్గర ఆ మనిషి ఒంగినప్పుడు, స్టవ్ ముందు నిలబడ్డ ఈమె కూడా కొంచెం ఒంగింది. ఇంకా అరవై నిండలేదు. అందరికంటే ముందు లేచి, కిందికి దిగి, యూనివర్సిటీ గోడ చివరిదాకా నడిచి వచ్చే మనిషి. ఆమెకు ఆ మంచుకొండ ఎక్కాలని ఉంది. ఎక్కి జారాలని ఉంది. ఇంత చిన్న సంగతి ఆ ఇంట్లో ఒక్కరికీ తెలియదు. అలాగని వాళ్ళు చెవిటివాళ్ళా అంటే, కాదు. అక్కడే ఒళ్ళు మండుతుంది ఎవరికైనా.

హాల్లో డైనింగ్ టేబుల్ మీద రెండు లాప్‌టాప్‌లు ఎదురెదురుగా తెరిచి ఉన్నాయి. ఒకదాని వెనక కొడుకు నరేందర్, ఇంకోదాని వెనక కోడలు ఉమాశ్రీ. ఇద్దరివీ హైటెక్ సిటీలోనే వేర్వేరు కంపెనీలు. వారమంతా మీటింగుల్లో ఎవరెవరితోనో వాదించి, మిగిలిన ఓపికను ఆదివారం ఒకరి మీద ఒకరు ఖర్చుపెట్టుకుంటారు. ఈసారి సెలవులకు మంచు చూడాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఒప్పుకున్నది అంతవరకే. కశ్మీర్‌లో గుల్మార్గ్ అని ఆయన, ఉత్తరాఖండ్‌లో ఔలి అని ఆవిడ. రెండు చోట్లా కొండే, రెండు చోట్లా మంచే, రెండు చోట్లా జనం చేసేది జారడమే. అయినా వారం రోజులుగా ఇంట్లో పప్పు ఉడికిందో లేదో గానీ ఈ గొడవ మాత్రం రోజూ ఉడుకుతోంది.

“గుల్మార్గ్ ఫిక్స్,” అన్నాడు నరేందర్. “ప్రశాంత్ వాళ్ళు ఇయ్యాల మధ్యాహ్నం టికెట్లు చేసేస్తున్నరు. మన పేర్లు చెప్పాలె.”

“ఎవరు ఫిక్స్ చేశారండి? మీరూ, మీ ఆఫీసు ప్రశాంతూనా?” అంది ఉమాశ్రీ.

ఉమాశ్రీది కూకట్‌పల్లి. పుట్టి పెరిగింది ఇక్కడే అయినా కన్నవాళ్ళది భీమవరం వైపు. అత్తమామల ముందు మొగుణ్ణి ‘మీరు’ అంటుంది, కోపం ముదిరితే ‘నువ్వు’ అంటుంది. కాబట్టి గాలి ఎటు వీస్తోందో ఆ ఇంట్లో అందరికీ ఇట్టే తెలిసిపోతుంది. ఇంకా ‘మీరు’ దగ్గరే ఉంది.

“నేను అమ్మ కోసం చెప్తున్న ఉమా. అక్కడ గండోలా ఉంటది. అద్దాల డబ్బాల కూసుండబెడితే పైదాంక అదే తీస్కపోతది. అమ్మ కాలు కింద పెట్టే పనే లేదు. మీ ఔలిల రోప్‌వే బందయి ఎన్నేండ్లాయె!”

“నేను చెప్పేదీ అత్తయ్యగారి కోసమేనండి. ఔలి కిందే జోషిమఠ్. అక్కడ నరసింహస్వామి గుడి ఉంది. మనం పైకెళ్ళినప్పుడు ఆవిడ హాయిగా గుళ్ళో కూర్చుంటారు. జారతానన్న భయమూ ఉండదు, దర్శనమూ అవుతుంది.”

ఈ జారే భయం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలి.

కిందటి ఆదివారం మంచు ప్రయాణం మాట మొదటిసారి వచ్చినప్పుడు, భాగ్యమ్మ చేతిలో పల్లెం పట్టుకుని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. “అక్కడ జారుతదా?” అంది. అడిగినప్పుడు ఆమె మొహంలోకి ఎవరైనా చూసి ఉంటే ఈ కథ రాసే పనే ఉండేది కాదు. కొడుకు లాప్‌టాప్‌లోకి చూస్తున్నాడు. కోడలు ఫోన్‌లోకి చూస్తోంది. మొగుడు రాజయ్య పేపర్లోకి చూస్తున్నాడు. ముగ్గురికీ అది జారిపడతానేమోనన్న ముసలిభయంలా వినిపించింది. అప్పుడే నోరు తెరిచి చెప్పొచ్చుగా అంటారేమో. చెప్పింది. “నేను గూడ జారుత,” అంది. “అయ్యో అత్తయ్యగారూ, మీరు జారకుండా మేం చెరో చెయ్యీ పట్టుకుంటాంగా!” అని కోడలు ఎంతో ప్రేమగా ఓదార్చింది. ఇక ఆమె ఏం చెబుతుంది? ప్రేమగా చెవులు మూసుకున్నవాళ్ళతో పోట్లాడడం అన్నిటికంటే కష్టం.

ఆ రోజునుంచీ ఆమె పేరు చెప్పుకుని మొగుడూ పెళ్ళాలు కొట్టుకుంటున్నారు.

“గుల్మార్గ్‌లో అందరం కలిసి ఉంటం. అమ్మకు ఏమన్నయితే చూస్కునేటందుకు పదిమంది ఉంటరు,” అన్నాడు నరేందర్.

“ఆ పదిమందినీ చూసుకునేది ఎవరు? నేను! పోయినసారి కూర్గ్‌లో ఒక్క కాఫీచెట్టు చూశానా నేను? మీ ఫ్రెండ్స్ పిల్లలకి పాలు కాచడం, మీ ఫ్రెండ్స్‌కి అర్ధగంటకోసారి టీలు పెట్టించడం, ప్రశాంత్ గారి తలనొప్పికి మాత్ర వెతకడం. వాళ్ళావిడ రేఖ ఫొటోలకి నిలబడుతుంటే ఆవిడ బ్యాగ్ కూడా నేనే మోశాను.”

“మొయ్యమని ఎవరన్న అన్నరా? నువ్వే ఎగబడి జేస్తవ్, మళ్ళ నువ్వే ఏడుస్తవ్.”

“నేను ఏడుస్తున్నానా?” ఉమాశ్రీ లాప్‌టాప్ మూత టపీమని మూసింది. “నువ్వు ఆఫీసులో చూసే మొహాల్నే సెలవుల్లోనూ చూస్తావు. నాకెందుకా ఖర్మ? ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, మనింట్లో వాళ్ళం మనం వెళ్దామంటే నీకు నచ్చదు.”

‘నువ్వు’ వచ్చేసింది. నానమ్మతో పాటు వంటగది గుమ్మంలోకి వచ్చి వింటున్న పింకీ మెల్లిగా ఆమె కొంగు పట్టుకుంది.

“నా దోస్తులంటేనే నీకు పడదు. సీదా చెప్పరాదు? అమ్మను ఎందుకు అడ్డం పెడతవ్?”

“నువ్వు పెట్టట్లేదా అడ్డం? గండోలా అట, అద్దాల డబ్బా అట! నిన్నటిదాకా అమ్మ కాళ్ళనొప్పులు నీకు గుర్తున్నాయా? మందుల షాపుకెళ్ళి ఆయింట్‌మెంట్ తెచ్చింది ఎవరు?”

“నా అమ్మ గురించి నాకు నువ్వు చెప్పే అవసరం లేదు!”

“మరి ఎవరు చెబుతారు? ప్రశాంత్ చెబుతాడా?”

నరేందర్ లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది. గొంతులు పక్క ఫ్లాట్‌కి వినపడేంత లేచాయి. అప్పటిదాకా సోఫాలో పేపర్ చాటున కూర్చున్న రాజయ్య పేపర్ దించాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మాట్లాడితే మాత్రం ఆ మాట అక్కడితో ఆఖరవ్వాలని అనుకునే మనిషి.

“ఇద్దరు బంద్ జెయ్యిండ్రి,” అన్నాడు. “మీ అమ్మ రాదు. ఆమెకు మంచు ఎందుకు, గించు ఎందుకు? కాలు జారి నడుం ఇరిగితే దవాఖాన్ల ఎవలుంటరు? నేను, ఆమె ఇంట్లనే ఉంటం. మీరు ముగ్గురు యాడికన్న పోండ్రి. ఇగ ఫికర్ లేదు గదా?”

ఆ మాటకు కొడుకో కోడలో ఒక్కరైనా ‘అదేంటి’ అని ఉంటే బాగుండేది. అనలేదు. పైగా ఇద్దరి మొహాలూ ఒక్కసారిగా తేలికపడ్డాయి. వారం రోజులుగా రెండువైపులా లాగుతున్న తాడును ఎవరో మధ్యలో కోసేసినట్టయింది.

“అది కూడా కరెక్టే నాయినా,” అన్నాడు నరేందర్, పడిపోయిన కుర్చీని లేపుతూ. “సలి కూడా మస్తుంటది.”

“అవునండి, అత్తయ్యగారికీ కొంచెం రెస్ట్ దొరికినట్టుంటుంది,” అంది ఉమాశ్రీ.

అంతే. భాగ్యమ్మ ప్రయాణం అయిపోయింది. ఆమె వంటగది గుమ్మంలోనే నిలబడి ఉంది. ముగ్గురిలో ఒక్కరూ అటు తిరగలేదు.

మాడు వాసన అప్పుడు వచ్చింది ఆమెకు. వెనక్కి తిరిగి, మసిగుడ్డతో గిన్నె పట్టుకుని, హాల్లోకి వచ్చి, రెండు లాప్‌టాప్‌ల నడుమ టేబుల్ మీద ధనామని పెట్టింది. గిన్నె అడుగున సర్వపిండి నల్లగా, అంచుల దగ్గర పొగ కక్కుతూ ఉంది.

“తినుండ్రి,” అంది.

“అమ్మా, టేబుల్ కాలుతది—”

“కాలనియ్యి. నన్ను ఎవలన్న అడిగిండ్రా?”

“నీ గురించే గదమ్మా ఇంతసేపు—”

“నా గురించి మాట్లాడుతున్నరు. నాతోని మాట్లాడుతలేరు. వారం దినాలసంది సూస్తున్న. ఒగలేమో నన్ను అద్దాల డబ్బాల పెడతరు, ఒగలేమో గుడికాడ దించిపోతరు, ఈయనేమో ఇంట్ల పెట్టి తాళమేస్తడు. నేనేమన్న సూట్‌కేసునా? ఆడ పెట్టాల్నా ఈడ పెట్టాల్నా అని కొట్లాడుతున్నరు!”

భాగ్యమ్మ గొంతు అంత పెద్దదని ఉమాశ్రీకి అప్పటిదాకా తెలియదు. ఏదో చెప్పబోయింది. భాగ్యమ్మ చెయ్యెత్తి ఆపింది.

“నరేందర్, నీకు నీ దోస్తుగాళ్ళతోని తిరగాలె. తిరుగు, ఎవలొద్దన్నరు? కని అమ్మ కోసమని అనకు, నాకు కడుపుల మండుతది. ఉమా, నీకు ఆళ్ళ మొకం సూడబుద్ధి గాదు. తప్పు లేదు బిడ్డా, నాకూ గాదు. గదే మాట సీదా అను. నడిమిట్ల నరసింహసామిని ఎందుకు గుంజుతవ్? సామికి మొక్కాలంటే నాకు యాదగిరిగుట్ట ఉన్నది. పొద్దుగాల పోయి పగటీలికి వస్త. గంత దూరం మొక్కెటందుకు వస్తనా నేను? జారెటందుకు వస్త!”



“ఏందీ?” అన్నాడు నరేందర్.

“జారెటందుకు! జారుతదా అని అడిగిన. జారుతదంటే వస్త, జారకపోతే రాను అని అడిగిన. భయపడి కాదు. గంతగూడ సమజ్ కాకపోతే గా పెద్ద పెద్ద కంపెనీలల్ల మిమ్ముల ఎట్ల పెట్టుకున్నరు?”

“నానమ్మ స్కీయింగ్ చేస్తదంట!” అని పింకీ చప్పట్లు కొట్టింది.

నరేందర్‌కి నవ్వొచ్చింది. చెడ్డ నవ్వు కాదు, పట్టు తప్పి వచ్చిన నవ్వు. తల్లి చీర కుచ్చిళ్ళతో మంచు మీద జారుతున్నట్టు కళ్ళ ముందు కనబడిందేమో, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. భాగ్యమ్మ మొహం ఎర్రబడింది. అప్పుడైనా ఊరుకోవాలి కదా రాజయ్య? ఊరుకోలేదు.

“జర సిగ్గుండాలె,” అన్నాడు. “ఈ వయసుల జారుతదంట! నలుగురు సూస్తే నవ్వరా?”

భాగ్యమ్మ నెమ్మదిగా మొగుడి వైపు తిరిగింది. ఇంతసేపూ అరిచిన గొంతు ఒక్కసారిగా కిందికి దిగింది. దానికే అందరూ ఎక్కువ భయపడ్డారు.

“నవ్వేటోళ్ళు నవ్వనీ. నువ్వు నవ్వకు,” అంది. “నీకు తెల్వదా? బండ మీదికెల్లి నన్ను మొట్టమొదాలు తోసింది ఎవలు?”

రాజయ్య చేతిలో పేపర్ కిందికి వాలింది.

గోపన్‌పల్లిలో ఇప్పుడు ‘శిలా హైట్స్’ అని ఇత్తడి అక్షరాలు మెరిసే ఈ అపార్ట్‌మెంట్ ఒకప్పుడు రాజయ్య వాళ్ళ చెలక, వాన మీద పండే మెట్టచేను. నడుమ ఏనుగంత బండ ఉండేది. ఊరి పిల్లలంతా తాటిమట్టల మీద కూర్చుని జారీ జారీ దాని వీపు అద్దంలా నునుపు చేశారు. జారుడుబండ అనేవాళ్ళు. తర్వాత భూమిని డెవలప్‌మెంట్‌కి ఇచ్చారు. రాజయ్యకు ఫ్లాట్లు వచ్చాయి. ఒకదాంట్లో వీళ్ళుంటున్నారు, తక్కినవి కిరాయికి ఇచ్చారు. బిల్డరు మందుపెట్టి బండను పేల్చేసి, పోయిన బండ పేరే గేటుకి తగిలించాడు. ఇంత సిగ్గులేని పని చేసినా ఎవరూ ఏమీ అనరు. బాగుంది పేరు అంటారు.

“మా మేనమామ ఇల్లు అంటే నాకు గా బండనే,” అంది భాగ్యమ్మ, ఎవరితోనో కాక గిన్నెతో చెబుతున్నట్టు. “సెలవులొస్తే ఉరికొస్తుంటి. నాకంటే జోరుగ జారినోడు ఊర్లె లేడు. ఈయనతో సహా. మట్ట లేకుంటే ఉత్తగనే జారుతుంటి, లంగ చిరిగి మా అమ్మతోని తన్నులు తింటుంటి. ఈయన్నే చేసుకుంటానని ఎందుకన్ననో ఎరికేనా? మొగడు ఎట్లున్నా బండ దగ్గర్ల ఉంటది అని!”

పింకీ కిసుక్కుమంది. ఉమాశ్రీ నవ్వలేదు.

“పెండ్లయింది. తెల్లారి మట్ట పట్టుకుని పోతుంటే మా అత్త గుమ్మంల ఆపింది. ‘పెండ్లయినంక ఇగ జారుతవా?’ అన్నది. గంతే. ఆ దినంసంది బండ మీద మిరపకాయలు ఎండబోసిన. వడియాలు పెట్టిన. వీడు పుట్టినంక వీణ్ణి జారిపిచ్చిన. నేను మాత్రం జారలే. మనసుల అనుకున్న, వయసు మీదపడ్డంక ఎవలూ ఏమనరు, అప్పుడు ఒక్కసారి జారుత అని. బండ యాడికి పోతది అనుకున్న.”

ఆమె మొగుడి దగ్గరకు వచ్చి నిలబడింది.

“బిల్డరు వచ్చిన దినం నేను ఒక్కటే మాట అడిగిన నిన్ను. ఫ్లాటు ఎంతదో అడగలే, ఎన్నో అంతస్తో అడగలే. బండను ఇడిసిపెట్టమని చెప్పు అన్న. చెప్తా అన్నవ్. చెప్పినవా బావా?”

బావా. నరేందర్‌కి ఊహ తెలిసినప్పటినుంచీ తల్లి తండ్రిని ఆ పిలుపు పిలవగా వినలేదు. రాజయ్య కూడా ఎన్నో ఏళ్ళయింది విని. ఆయన కిందికి వాలిన పేపర్ అంచు సరిచేసుకున్నాడు.

“చెప్పినవా?”

“చెప్పలే,” అన్నాడు రాజయ్య ఎట్టకేలకు. “బండ కోసం ప్లాను మారుస్తరా పెద్దమనిషీ అని… నవ్వుతరేమో అనుకున్న.”

“ఆళ్ళు నవ్వుతరని,” అంది భాగ్యమ్మ. “మందు పేల్చిన దినం నేను కిరాయింట్ల పొయ్యికాడ ఉన్న. గిన్నెలు గలగలా అన్నయి. నాకెవలూ చెప్పలే, ఇయ్యాల పేలుస్తరని. ఆ మోత ఇంకా నా కడుపుల ఉన్నది. గిప్పుడు గూడ నేను పండుకునేది దాని మీదనే. ఎవలన్న నవ్వుతరని ఇంకెన్ని పేలుస్తవ్ బావా?”

ఇక నిలబడలేక ఆమె బాల్కనీలోకి వెళ్ళి, అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీలో అటు తిరిగి కూర్చుంది. భుజాలు కదలడం లేదు. ఏడుస్తోందో లేదో వెనకనుంచి తెలియడం లేదు.

ఉమాశ్రీ మాడిన గిన్నె తీసుకుని సింకు దగ్గరికి వెళ్ళింది. పీచుతో గట్టిగా రుద్దడం మొదలుపెట్టింది. నరేందర్ వెనకాలే వచ్చి నిలబడ్డాడు.

“నేను ఆవిడని గుడి దగ్గర దింపేసి వెళ్దామనుకున్నాను,” అంది ఉమాశ్రీ వెనక్కి తిరక్కుండానే. “దించేసి, హమ్మయ్య అనుకుందామనుకున్నాను. పైగా మంచి కోడల్ని అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. ‘జారుతా’ అంటే పట్టుకుంటాం అన్నాను! ఛీ.”

“నేను నవ్విన,” అన్నాడు నరేందర్. కోపమంతా ఇప్పుడు తన మీదికే తిరిగింది. “నన్ను చిన్నప్పుడు ఆ బండ మీద జారిపిచ్చింది అమ్మనే. చేతులు చాచి కింద నిలబడుతుండె. ఆమెకు జారాలని ఉంటదని ఒక్కనాడన్న తట్టలే నాకు. పైగ నవ్విన.”

ఉమాశ్రీ పీచు పడేసి చేతులు తుడుచుకుంది. వారం రోజులుగా ఇద్దరూ గుల్మార్గ్ గురించీ ఔలి గురించీ చదవని రివ్యూ లేదు, చూడని వీడియో లేదు. అడగాల్సిన ప్రశ్న మాత్రం ఎవరినీ అడగలేదు. ఆమె ఫోన్ తీసి స్పీకర్ పెట్టింది. ముందు మొగుడి వంతు. గుల్మార్గ్‌లో ప్రశాంత్ మాట్లాడి పెట్టుకున్న ఏజెంట్‌కే చేసి, హిందీలో అడిగింది. మా అత్తగారు ఇంతకు ముందెప్పుడూ మంచు చూడలేదు, స్కీయింగ్ నేర్పుతారా అని.

అవతల ఆయన ఎంతో మర్యాదగా చెప్పాడు. అమ్మగారికి అంత కష్టం ఎందుకు మేడమ్, బల్లబండి ఉంటుంది, మెత్తగా కూర్చోబెట్టి మా కుర్రాళ్ళు తాడుతో లాగుతారు, ఫొటోలు కూడా తీస్తారు అన్నాడు.

“లాగుడు వద్దని చెప్పు!” బాల్కనీలోంచి వినబడింది.

అక్కడ నేర్పేవాళ్ళే లేరని కాదు. ఈ ఏజెంట్‌కు తట్టలేదు, అంతే. ఈ ఇంట్లో ముగ్గురికి తట్టనిది ఆయనకు తట్టలేదని తప్పుపట్టడానికి కూడా లేదు. ఉమాశ్రీ రెండో నంబరు కలిపింది. ఔలిలో నేర్పే మనిషి కొంచెం మొరటుగా, తొందరలో ఉన్నట్టు మాట్లాడాడు. వయసు విన్నాడు. మోకాళ్ళు వంగుతాయా అన్నాడు. రోజూ నడుస్తారు అంది ఉమాశ్రీ. అయితే కింది వాలు మీద మొదలుపెడదాం, పడతారు, లేవాలి మరి, అన్నాడు. తర్వాత అడిగాడు, “బూట్లు తీసి పెట్టాలి. ఆవిడ పాదం సైజు ఎంత?”

ఉమాశ్రీ నరేందర్ వైపు చూసింది. నరేందర్ తండ్రి వైపు చూశాడు.

పింకీ బూట్ల సైజు అందరికీ తెలుసు. రాజయ్య చెప్పుల సైజు భాగ్యమ్మకు తెలుసు, నరేందర్ షూ సైజు ఉమాశ్రీకి తెలుసు. భాగ్యమ్మ ఎప్పుడూ తనే లింగంపల్లి బజారుకు వెళ్ళి, కాలు పెట్టి చూసుకుని, సరిపోయిన జత తెచ్చుకుంటుంది. ఇంతమందిలో ఆమె పాదం ఎంతో ఒక్కరికీ తెలియదు.

“హలో? మేడమ్?” అంటోంది ఫోన్.

“మళ్ళీ చేస్తాను,” అని పెట్టేసింది ఉమాశ్రీ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు లేచాడు రాజయ్య. పొద్దున్నుంచీ మొహానికి అడ్డం పెట్టుకున్న పేపర్ని మడిచి, పింకీ దగ్గర పెన్సిల్ అడిగి తీసుకుని, బాల్కనీలోకి నడిచాడు. భార్య ముందు పేపర్ పరిచాడు. గోడ పట్టుకుని, కీళ్ళు పటపటమంటుంటే కష్టపడి కింద కూర్చున్నాడు. ఆమె కుడికాలు రెండు చేతులతో పట్టుకుని కాగితం మీద పెట్టుకున్నాడు.

భాగ్యమ్మ ఉలిక్కిపడింది. ఆమె ఏడుస్తూనే ఉంది. అందరికీ అప్పుడు కనబడింది.

“ఏందిది? కోడలు ముందల కాళ్ళు పట్టుకుంటవా?”

“పట్టుకోవాల్సిందే,” అన్నాడు రాజయ్య తలెత్తకుండా. “కదలకు.”

పెన్సిల్ మడమ చుట్టూ తిరిగింది. గీత వంకర పోయింది. చెరిపే వీలు లేదు, మళ్ళీ మొదటినుంచీ గీశాడు. వేళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్ళు మసకబారి గీత కనబడలేదు. పేపర్ మీద ఒక చుక్క పడింది. భాగ్యమ్మ చూసింది. కాలు వెనక్కి తీసుకోలేదు.

హాల్లో నరేందర్ ఫోన్ మోగింది. ప్రశాంత్. “పేర్లు చెప్పు బే, టికెట్లు చేస్తున్న,” అని అవతలినుంచి గట్టిగా వినబడుతోంది.

“మేం రావట్లే రా. ఔలి పోతున్నం,” అన్నాడు నరేందర్. ఉమాశ్రీ తలెత్తి చూసింది. “ఎందుకంటే… అమ్మ జారుతదంట.”

“అరే, జారుతదంటే ఇంట్ల ఉంచాలె గని తీస్కపోతవేందిరా?”

నరేందర్ పెళ్ళాం వైపు చూశాడు. ఆ పొద్దున్న మొదటిసారి ఇద్దరికీ ఒకే సంగతి ఒకేసారి అర్థమైంది. “నీకు తర్వాత చెప్తలే,” అని పెట్టేశాడు.

బాల్కనీలో గీత పూర్తయింది. రాజయ్య పెన్సిల్ పక్కన పెట్టాడు గానీ లేవలేదు. ఆ పాదం మీదే చెయ్యి ఉంచి, రెయిలింగ్ సందుల్లోంచి కింద ఉన్న కార్లనూ సిమెంటునూ చూశాడు. తర్వాత హాల్లో ఉన్నవాళ్ళకు వినపడకుండా అడిగాడు.

“భాగ్యా… అక్కడ మంచిగ జారుతదా?”

భాగ్యమ్మ ఆయన మొహంలోకి చూసింది. అందులో భయం ఉందేమోనని వెతికింది. లేదు. చెలకలో మట్ట పట్టుకుని తన వెనకాలే ఎక్కిన పిల్లగాడి మొహం అది. ఆమె చీరకొంగుతో కళ్ళు తుడుచుకుంది. కోపం ఇంకా పోలేదు. అది అంత తొందరగా పోయేది కాదు, పోనివ్వకూడదు కూడా. అయినా వంగి, కింద పడున్న పెన్సిల్ అందుకుంది.

“జారుతది బావా,” అంది. “కాలు ఇటు పెట్టు.”